ఒకే మౌస్... పన్నెండు టేబుళ్లు

2012 జనవరి. బహామాస్ దీవుల్లో పెద్ద పోకర్ ఉత్సవం జరుగుతోంది. రాండీ ల్యూ అనే అమెరికన్ అక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని ఎనిమిది గంటలు ఆన్‌లైన్‌లో పేకాడాడు. లేచేసరికి 23,493 సార్లు ముక్కలు అందుకున్నట్టు లెక్క తేలింది. అంటే 1.2 సెకన్లకు ఒక ఆట. గిన్నిస్ వాళ్లు రికార్డు రాసుకున్నారు. ఆ రికార్డుకో షరతు ఉంది. ఎంత వేగంగా ఆడినా సరే, చివరికి నష్టంతో లేవకూడదు. ల్యూ నష్టపోలేదు. లాభం 7.65 డాలర్లు. అప్పటి మారకం ప్రకారం మన రూపాయల్లో నాలుగు వందలకు అటూ ఇటూ.

ఇరవై మూడు వేల పైచిలుకు ఆటలకు నాలుగు వందల రూపాయలంటే నవ్వొస్తుంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు మాత్రం నవ్వలేదు. అన్ని టేబుళ్ల మీద ఒకేసారి ఆడి, మునిగిపోకుండా బయటపడటమే పెద్ద విద్య అని వాళ్లకు తెలుసు. అంతకుముందు ఫ్రాన్స్‌కు చెందిన బెర్ట్రాండ్ గ్రోస్పెలియే కూడా ఒక గంటలో 62 చిన్న టోర్నీలు ఆడి, లాభంతో లేచి ఇలాంటి రికార్డే కొట్టాడు. పోకర్‌లోకి రాకముందు అతను దక్షిణ కొరియాలో ఉంటూ స్టార్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌ను వృత్తిగా ఆడేవాడు. తెర మీద నాలుగు మూలలా జరిగే యుద్ధాన్ని ఒక్క మౌస్‌తో నడిపిన చెయ్యి అది.

పోకర్ అనగానే మనకు సినిమా సీనే గుర్తొస్తుంది. పచ్చటి బల్ల, సిగరెట్ పొగ, నల్ల కళ్లద్దాలు, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ పందెం పెంచే హీరో. ఇంటర్నెట్ పోకర్‌తో బతికేవాడి గదిలో ఇవేవీ ఉండవు. అసలు ఎదుటివాడికి ముఖమే లేదు. రెండు పెద్ద మానిటర్లు, వాటి నిండా పన్నెండో పదహారో టేబుళ్లు, నడుము నొప్పి రాని మంచి కుర్చీ ఒకటి. టేబుళ్లలో ఒక్కొక్కటీ ఒక్కో టోర్నీ. ఒక్కోదాంట్లో వందల మంది, ఒక్కోసారి వేల మంది. వీటన్నిటినీ ఒక్కడే ఎందుకు ఆడతాడు, ఎలా ఆడతాడు, దాంట్లో ఎవరు బాగుపడతారు అన్నది చూడాలంటే ముందు ఆట ఏమిటో రెండు ముక్కల్లో చెప్పుకోవాలి.

రమ్మీ వచ్చినవాళ్లకు ఇది కొరుకుడు పడనిదేం కాదు. టెక్సాస్ హోల్డెమ్‌లో తలకి రెండు ముక్కలు పంచుతారు. ఆపైన అందరికీ ఉమ్మడిగా బల్ల మీద అయిదు ముక్కలు తెరుస్తారు. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. ఆ ఏడింటిలో మంచి అయిదు ఎవరికి కుదిరితే పాట్, అంటే పోగైన పందెమంతా, వాళ్లది. ముక్కలు తెరిచే ప్రతి దశలోనూ పందెం. నచ్చకపోతే రమ్మీలో డ్రాప్ అయిపోయినట్టే ఇక్కడ ఫోల్డ్. టోర్నీ అయితే అందరూ ఒకే రుసుము కట్టి, ఒకే మొత్తం చిప్స్‌తో మొదలుపెడతారు. బ్లైండ్స్ అనే తప్పనిసరి పందేలు కొన్ని నిమిషాలకోసారి పెరుగుతూ పోతాయి. చిప్స్ అయిపోయినవాడు ఇంటికి. సుమారుగా వందలో పదిహేను మందికి ఎంతో కొంత డబ్బు వస్తుంది. అందులోనూ సింహభాగం మొదటి మూడు నాలుగు స్థానాలకే.

అసలు కథ ఆ సింహభాగంలోనే ఉంది.

మంచి ఆటగాడికి పట్టిన గ్రహచారం

ఒక టోర్నీ ఊహించుకుందాం. వెయ్యి మంది, తలకి వెయ్యి రూపాయలు. పది లక్షలు పోగయ్యాయి. మొదటి బహుమతి సుమారు లక్షా డెబ్భై వేలనుకుందాం. అందరూ సమానమైన ఆటగాళ్లయితే గెలిచే అవకాశం వెయ్యిలో ఒకటి. మనవాడు సామాన్యుడు కాదు, మిగిలినవాళ్లకంటే రెట్టింపు సమర్థుడు. అలాంటివాళ్లు చాలా అరుదు, అయినా అనుకుందాం. అతనికి అయిదు వందల్లో ఒక అవకాశం.

రోజుకో టోర్నీ చొప్పున ఆడితే అతను అయిదు వందలు పూర్తి చేసేసరికి ఏడాదీ నాలుగు నెలలు దాటుతుంది. పోనీ, అయిదు వందలూ ఆడితే ఒక్కసారైనా గెలుస్తాడన్న భరోసా ఉందా? లేదు. లెక్క కడితే, ఇలాంటి సమర్థులు వంద మందిలో దాదాపు 37 మంది అయిదు వందల టోర్నీలు ఆడి కూడా ఒక్క మొదటి బహుమతీ చూడరు. వెయ్యి ఆడినా 13 మందికి పైగా ఖాళీ చేతులే. ఆట బాగా వచ్చు, తప్పులేం చేయడం లేదు, ఏడాదిన్నర నుంచి పోతూనే ఉంది. ఇంట్లోవాళ్లకు ఏమని చెప్పాలి? అసలు తనకు తాను ఏమని చెప్పుకోవాలి? ఆట రావడం లేదా, ముక్కలు రావడం లేదా అన్నది తేలడానికే సంవత్సరాలు పడుతుంది.

అదే మనిషి రాత్రికి పన్నెండు టోర్నీలు ఆడితే అయిదు వందలు 42 రోజుల్లో అయిపోతాయి. అదృష్టమేమీ మారదు. అది తన లెక్క సరిచేసుకోవడానికి పట్టే కాలం మాత్రం ఏడాదిన్నర నుంచి నెలన్నరకు దిగుతుంది. చాలా టేబుళ్లు తెరవడం వెనక ఉన్న మొదటి కారణం ఇదే. చూసేవాళ్లకు అది దురాశలా కనపడుతుంది. నిజానికి దానికి మూలం భయం. ఏడాది పాటు ఒక్క టేబుల్ ముందు కూర్చుని చిల్లిగవ్వ లేకుండా లేస్తానేమోనన్న భయం.

రెండో కారణం గంట కూలి. ఒక్క టేబుల్ మీదే మనసు పెట్టి ఆడినప్పుడు రుసుములతో కలిపి 1,100 పెట్టిన టోర్నీలో సగటున వందకి 30 చొప్పున మిగులుతుందనుకుందాం. అంటే 330 రూపాయలు. పన్నెండు తెరిస్తే ఆట పలచబడి మిగులు వందకి 12కి పడిపోతుంది. అయినా పన్నెండు టేబుళ్ల మీద కలిపి 1,584. ఇరవై తెరిచి మిగులు 5కి దిగితే మొత్తం 1,100. ఈ అంకెలు ఉదాహరణకే. వాటి వంపు మాత్రం అందరికీ ఒకటే. కొంతవరకూ టేబుళ్లు పెంచిన కొద్దీ ఆట చెడుతుంది, ఆదాయం పెరుగుతుంది. ఆ తర్వాత రెండూ చెడతాయి. ఆ మలుపు ఆరు దగ్గరుందా, పదహారు దగ్గరుందా అన్నది మనిషిని బట్టి, అతని నిద్రను బట్టి కూడా.

ఒక నిమిషంలో ఏం జరుగుతుంది?

ఆన్‌లైన్ టేబుల్ మీద గంటకు అరవై ఆటల దాకా నడుస్తాయి. పన్నెండు టేబుళ్లంటే నిమిషానికి పన్నెండు, అయిదు సెకన్లకొకటి. తొమ్మిది మంది కూర్చునే టేబుల్ మీద వచ్చిన ముక్కల్లో అయిదింట నాలుగు వంతులు చూసీ చూడగానే పడేయాల్సినవే. కాబట్టి చేతి పని చాలావరకు ఫోల్డ్ నొక్కడమే. మిగిలే రెండు మూడింటి దగ్గరే బుర్ర కావాలి. చిక్కేమిటంటే ఆ రెండు మూడూ వరసలో రావు.

ఎడమవైపు పైన, మూడో టేబుల్. బ్లైండ్ రెండు వేలు, మన దగ్గర ఇరవై వేలు. పది బ్లైండ్లే మిగిలాయి. డీలర్ బటన్ మన దగ్గరే, ముందువాళ్లంతా ఫోల్డ్. చేతిలో ఇస్పేట్ ఆసు, డైమన్ ఎనిమిది. దీనికి ఆలోచన అక్కర్లేదు. చిప్స్ ఇంత తగ్గాక ఏ స్థానం నుంచి ఏ ముక్కలతో మొత్తం నెట్టేయాలో చెప్పే పట్టికలు ఉన్నాయి. వృత్తి ఆటగాడికి అవి ఎక్కాల్లా నోటికి వచ్చు. ఆల్ ఇన్.

అదే క్షణంలో కుడివైపు కింద ఎనిమిదో టేబుల్ మెరిసింది. అది బబుల్ మీద ఉంది. అంటే ఇంకొక్కడు పోతే మిగిలిన వాళ్లందరికీ డబ్బు ఖాయం. మన చేతిలో తొమ్మిదుల జత. అందరికంటే ఎక్కువ చిప్స్ ఉన్నవాడు మొత్తం నెట్టాడు. చిప్స్ లెక్కలో చూస్తే కాల్ చేయొచ్చు, అంటే ఆ పందేనికి సమంగా కాయొచ్చు. కానీ టోర్నీలో చిప్స్ వేరు, డబ్బు వేరు. ముగ్గురు మిగిలారు, బహుమతులు 50 వేలు, 30 వేలు, 20 వేలు అనుకోండి. చిప్స్ కూడా 50, 30, 20 శాతంగా ఉన్నాయి. సగం చిప్స్ ఉన్నవాడి వాటా లెక్క కడితే వచ్చేది సగం కాదు, లక్షలో సుమారు 38,400. అంటే గెలుచుకునే చిప్స్ కంటే పోగొట్టుకునే చిప్స్ విలువ ఎక్కువ. ఆటగాళ్లు ఐసీఎం అని పిలుచుకునే ఈ లెక్క ప్రకారం బబుల్ మీద తొమ్మిదుల జత కూడా ఒక్కోసారి పారేయాల్సిందే. కానీ ఎప్పుడు? ఎదుటివాడు ఎలాంటివాడు? మిగతా టేబుళ్లలో మనకంటే తక్కువ చిప్స్ ఉన్నవాళ్లు ఎందరున్నారు? ఇదంతా తేల్చుకోవడానికి పదిహేను సెకన్లు, ఆపైన అదనపు సమయం కొంచెం. ఈలోగా పదకొండో టేబుల్ మీద ఆఖరి ముక్క తెరిచారు. ఎవడో పాట్‌లో ముప్పావు వంతు పందెం కాశాడు. అరగంటగా ఆ టేబుల్ వైపు సరిగ్గా చూసిందే లేదు.

అందుకే సాయానికి సాఫ్ట్‌వేర్లు పుట్టాయి. ప్రతి ఆటగాడి పేరు పక్కనా చిన్న అంకెలు వేలాడుతుంటాయి. నూటికి ఎన్నిసార్లు ముక్కలు ఆడతాడు, ఎన్నిసార్లు పందెం పెంచుతాడు, ఎన్నిసార్లు బెదిరితే పారిపోతాడు అని. పోకర్ ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ లాంటివి పాత ఆటలన్నీ దాచి ఈ జాతకాలు తయారుచేస్తాయి. పందెం ఎంతో టైపు చేసే పని లేకుండా మీట నొక్కితే సరిపోయే ఏర్పాట్లూ ఉన్నాయి. టేబుళ్లు పేర్చడంలోనూ పట్టింపులు ఉంటాయి. కొందరు అన్నిటినీ చిన్నవి చేసి పలకల్లా పరుస్తారు. ఇంకొందరు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, వంతు వచ్చిన టేబుల్ పైకి వచ్చేలా పెట్టుకుంటారు. ఈ రెండో పద్ధతిలో ఒక గండం ఉంది. ఫోల్డ్ నొక్కబోతుండగా కొత్త టేబుల్ పైకి దూకి, ఆ నొక్కుడు కాస్తా దాని ఆల్ ఇన్ మీద పడితే, మూడు గంటలు దాచుకున్న చిప్స్ రెండు కళావరు, ఏడు ఆఠీనుతో గంగలో కలుస్తాయి. ఈ ఏడుపు లేని టోర్నీ ఆటగాడు ఉండడు.

టోర్నీ కాకుండా నేరుగా డబ్బుతో ఆడే క్యాష్ టేబుల్ అయితే విసుగొచ్చినప్పుడు లేచిపోవచ్చు. టోర్నీలో ఆ వెసులుబాటు లేదు. ఓడినవాడికి వెంటనే విముక్తి, బాగా ఆడుతున్నవాడికే తెల్లవార్లూ జాగారం. పెద్ద సైట్లలో గంటకోసారి, 55వ నిమిషం దగ్గర టోర్నీలన్నీ కలిసి అయిదు నిమిషాలు ఆగుతాయి. పన్నెండు టేబుళ్లవాడి జీవితంలో బాత్రూం, మంచినీళ్లు, అమ్మకు ఫోను అన్నీ ఆ అయిదు నిమిషాల్లోనే. ఇక ఆదివారం సంగతి చెప్పనే అక్కర్లేదు. పోకర్ స్టార్స్ అనే సైటు 2006లో మొదలుపెట్టిన సండే మిలియన్ టోర్నీ దగ్గర్నుంచి పెద్ద టోర్నీలన్నీ ఆదివారం మీదే పడ్డాయి. మొదట్లో దాని రుసుము 215 డాలర్లు, 2019లో 109కి దించారు. అమెరికాలో మధ్యాహ్నం, యూరప్‌లో సాయంత్రం, మనకు నడిరాత్రి. లోకమంతా సెలవు తీసుకునే రోజు వీళ్లకు డబుల్ డ్యూటీ.

అవధాని వేరు, ఇతను వేరు

ఇదంతా చూస్తే తెలుగువాడికి అష్టావధానం గుర్తు రాకమానదు. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది అంటూ తలోవైపు లాగుతుంటారు. అప్రస్తుత ప్రసంగి మధ్యలో అడ్డం పడతాడు. గంట కొడుతుంటే లెక్క పెట్టుకోవాలి. అవధాని ఒక్కో పద్యానికీ ఒక్కో పాదం చెప్పుకుంటూ వరసలు తిరుగుతాడు. పైకి చూస్తే పన్నెండు టేబుళ్లవాడు చేసేదీ అదే.

కానీ అవధానానికి ప్రాణం చివర్లో వచ్చే ధారణ. ఎక్కడెక్కడ ఆపిన పద్యాలన్నీ పూర్తి చేసి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాలి. వంద మందితో ఆ పని చేసిన తిరుపతి వేంకట కవుల్ని మనం ఇప్పటికీ తలుచుకునేది దానికే. పన్నెండు టేబుళ్లవాడు సరిగ్గా దీనికి తిరగేసిన మనిషి. అతని బలమంతా మరిచిపోవడంలో ఉంది. నాలుగో టేబుల్ మీద రాజుల జతతో ఓడిపోయిన ఉక్రోషం అయిదో టేబుల్ దాకా మోసుకొచ్చాడా, ఆ రాత్రి అయిపోయినట్టే. జ్ఞాపకం పనిని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించాడు. ఆలోచన పనిని పట్టికలకు అప్పగించాడు. మిగిలింది పోలిక పట్టడం. ఈ పరిస్థితి ఏ పట్టిక కిందకి వస్తుందో గుర్తుపట్టి నొక్కడం.

మనసు ఒక పని నుంచి ఇంకో పనికి మళ్లినప్పుడు మొదటి పని తాలూకు కొంత ధ్యాస వెనకే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. పని అసంపూర్తిగా వదిలితే ఆ బాకీ మరీ ఎక్కువ. టోర్నీ ఆటగాడికి ప్రతి అయిదు సెకన్లకూ అసంపూర్తి పనే. దీనికి అతను కనిపెట్టిన విరుగుడు ధ్యాస పెంచుకోవడం కాదు, ధ్యాస అవసరం లేకుండా చేసుకోవడం. గంటల తరబడి చదివి, సాధన చేసి, నూటికి తొంభై సందర్భాలను అలవాటు కింద మార్చేసుకున్నాడు. అందుకే బాగా తెలిసినవాళ్లు కొత్తవాళ్లకు ముందు రెండే తెరవమంటారు. రెండింటి మీద విసుగు పుట్టాక మూడోది. విసుగు పుట్టిందంటే ఆట అలవాటులోకి దిగిందని గుర్తు.

ఇలా ఆటను అలవాటుగా మార్చుకుంటే పోయేది ఏమిటో నార్వే అమ్మాయి అనెట్ ఒబ్రెస్టాడ్ ఉదంతం చెబుతుంది. 2007లో ఆమె 180 మంది ఆడిన నాలుగు డాలర్ల టోర్నీని తన ముక్కలు కప్పేసుకుని ఆడి గెలిచింది. మొత్తం టోర్నీలో ఒక్కసారి మాత్రమే ముక్కలు చూసింది. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయి, ఎవడు భయపడుతున్నాడు, ఎవడు తెగించాడు, ఇవి చూస్తే చాలని నిరూపించింది. అదే ఏడాది లండన్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ యూరప్‌లో పది లక్షల పౌండ్లు గెలిచింది, 19 ఏళ్లు నిండటానికి ఒక్క రోజు ముందు. తన ముక్కలు తప్ప అన్నీ చూసిన మనిషి ఆమె. పన్నెండు టేబుళ్లవాడికి సమయం ఉండేది తన ముక్కలు చూసుకోవడానికే. వీళ్లిద్దరిలో ఎవరి ఆట ఇంపైనదో నాకైతే సందేహం లేదు. నెలాఖరుకి అద్దె ఎవరు కట్టగలరంటే మాత్రం జవాబు అంత తేలిక కాదు.

యంత్రాలు వచ్చాక పన్నెండు టేబుళ్లవాడి బాధ ఇంకా పెరిగింది. 2019లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, ఫేస్‌బుక్ పరిశోధకులు కలిసి చేసిన ప్లూరిబస్ అనే ప్రోగ్రాం ఆరుగురి పోకర్‌లో వృత్తి ఆటగాళ్లను ఓడించింది. పట్టిక ప్రకారం, అలసట లేకుండా, ఎన్ని టేబుళ్లయినా ఆడటం యంత్రానికి పుట్టుకతో వచ్చిన విద్య. మనిషి కష్టపడి అక్కడికి చేరేసరికి, ఇతను మనిషేనా అని సైట్లు అనుమానించి మధ్యలో పజిల్ విప్పమని అడిగే రోజులొచ్చాయి.

టేబుల్ ఎవరిదైనా రుసుము సైటుదే

మన ఊహా టోర్నీకే వద్దాం. వెయ్యికి వంద సైటు రుసుము. పన్నెండు టేబుళ్లంటే రాత్రికి 1,200. నెలలో పాతిక రాత్రులాడితే ముప్పై వేలు. ఆ నెల మనవాడు గెలిచాడా ఓడాడా అన్నదానితో సైటుకి నిమిత్తం లేదు. కాబట్టి టేబుళ్లు పెంచినవాడిని అది నెత్తిన పెట్టుకుంది. పోకర్ స్టార్స్‌లో సూపర్‌నోవా ఎలీట్ అనే హోదా ఉండేది. ఏడాదిలో పది లక్షల పాయింట్లు సంపాదించినవాళ్లకు అది దక్కేది. పాయింట్లు వచ్చేది కట్టిన రుసుముల మీద. పది లక్షలంటే రోజుకు 2,740. సెలవులు, జ్వరాలు, పెళ్లిళ్లు ఏమీ కలపకుండా. ఆ హోదా కోసం డిసెంబరు నెలంతా తెర ముందే కాపురం పెట్టినవాళ్లున్నారు. ఆటలో సమానంగా నిలిచినా, కొద్దిగా పోగొట్టుకున్నా, సైటు తిరిగిచ్చే డబ్బుతో గట్టెక్కేవాళ్లు. అంటే వాళ్లు ఎదుటివాడితో ఆడటం మానేసి సైటు దగ్గర కూలికి కుదిరారన్నమాట. వాళ్లకా సంగతి తెలియదనుకోను.

2014లో కెనడాకు చెందిన అమాయా సంస్థ పోకర్ స్టార్స్‌ను 490 కోట్ల డాలర్లకు కొన్నది. 2015 చివర్లో ఆ పై హోదాల ప్రయోజనాలకు కోత పడింది. ఏడాదంతా పాయింట్లు పోగేసుకుంటూ వచ్చినవాళ్లు భగ్గుమన్నారు. డిసెంబరు మొదట్లో మూడు రోజులు టేబుళ్ల మీద కూర్చోకుండా సమ్మె చేశారు. జూదరుల సమ్మె అంటే వినడానికి వింతగానే ఉంటుంది, కానీ కూలివాళ్ల సమ్మె అంటే వింతేముంది? సమ్మె ఫలించలేదు. సైటు ఆలోచన అప్పటికే మారింది. ఇరవై నాలుగు టేబుళ్లవాళ్లు నలుమూలలా కూర్చుంటే, ఆఫీసు నుంచి వచ్చి సరదాగా యాభై డాలర్లు పెట్టుకున్నవాడు గంటలో ఖాళీ అయిపోయి మళ్లీ రావడం లేదు. 2019లో అదే సైటు క్యాష్ టేబుళ్లను మనిషికి నాలుగుకు పరిమితం చేయడం మొదలుపెట్టింది. టోర్నీల జోలికి పోలేదు. అదే ఏడాది పార్టీ పోకర్ ఆటగాళ్లందరి చేతా పేర్లు మార్పించింది, పాత జాతకాలు పనికిరాకుండా. జీజీ పోకర్ అయితే బయటి జాతకాల సాఫ్ట్‌వేర్‌నే నిషేధించింది.

నైపుణ్యమా, అదృష్టమా?

మన కోర్టుల్లో ఈ ప్రశ్న పాతదే. అదీ మన ఊరి నుంచే వెళ్లింది. 1963లో సికింద్రాబాద్‌లోని ఒక రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ పేర్లతో సుప్రీంకోర్టుకి చేరిన ఆ కేసు 1968 తీర్పుగా ఇప్పటికీ వాదనల్లో వినపడుతుంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పడేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అనీ, మూడు ముక్కలాట లాంటిది కాదనీ కోర్టు అంది. పోకర్ సైట్లు భారతదేశంలో కాలుపెట్టినప్పుడు ఆ వాదననే అడ్డుపెట్టుకున్నాయి.

పన్నెండు టేబుళ్లవాడిని సాక్షిగా పిలిస్తే ఈ ప్రశ్నకు ఇంకో జవాబు చెబుతాడు. అతని లెక్క ప్రకారం నైపుణ్యం ఆటలో స్థిరంగా ఉండే వస్తువు కాదు. ఎన్నిసార్లు ఆడతావన్న దాన్ని బట్టి అది బయటపడుతుంది. ఏడాదికి మూడు వేల టోర్నీలు ఆడేవాడికి ఇది నైపుణ్యం ఉన్న ఆటే, అతను దాని మీద ఇల్లు నడపగలడు. అదే టేబుల్ మీద, అతని పక్క కుర్చీలోనే, శనివారం రాత్రి ఒక్క టోర్నీ ఆడుకునేవాడికి అది లాటరీకి దగ్గరి చుట్టం. ఒకే ఆట, ఒకే ముక్కలు, ఒకే రుసుము. మొదటివాడి ఆదాయం రెండోవాడి జేబులోంచే రావాలి. చట్టం ఈ ఇద్దరినీ ఒకే మాటతో తేల్చాలనుకున్నంత కాలం ఆ మాట ఎవరో ఒకరి విషయంలో తప్పుతూనే ఉంటుంది.

మన రెండు రాష్ట్రాలూ తేల్చడానికి ఎక్కువ కాలం తీసుకోలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పాత గేమింగ్ చట్టాలు సవరించి, నైపుణ్యం గొడవ లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 132 వెబ్‌సైట్లను నిలిపేయమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేంద్రానికి రాసింది. ఆన్‌లైన్ రమ్మీ అప్పులతో ఇళ్లు కూలిన వార్తలు అప్పటికి జిల్లా ఎడిషన్లలో మామూలైపోయాయి. చట్టాన్ని తప్పుపట్టాలంటే ముందు ఆ వార్తలు చదవాలి. ఆపైన 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం మూలంలోనే పన్ను, అక్టోబరు నుంచి సైటులో వేసే డబ్బు మీద 28 శాతం జీఎస్టీ. వందకి 12 మిగుల్చుకునే పన్నెండు టేబుళ్లవాడి లెక్క ఈ రెండింటి దెబ్బకే సగం చచ్చింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం చేసిన కేంద్ర చట్టంతో మిగతా సగమూ పోయింది. నైపుణ్యం ఉన్నా లేకున్నా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతటా నిషేధం. ఆడించినవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవాళ్లకు శిక్ష లేదు. దేశంలోని పెద్ద పోకర్ వేదికలు వెంటనే డబ్బు ఆటలు ఆపేశాయి.

ఇలా రాత్రికి రాత్రి టేబుళ్లు మాయమవడం అమెరికన్లు ముందే చూశారు. 2003లో ఇంటర్నెట్ టోర్నీ గుండా వచ్చిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ వరల్డ్ సిరీస్ ప్రధాన టోర్నీలో 25 లక్షల డాలర్లు గెలిచాక దేశమంతా మౌస్ పట్టింది. ఆ ఏడాది 839 మంది ఆడిన ఆ టోర్నీకి 2006 నాటికి 8,773 మంది వచ్చారు. 2011 ఏప్రిల్ 15న న్యాయశాఖ మూడు పెద్ద సైట్ల యజమానుల మీద కేసులు పెట్టింది. ఆటగాళ్లు దాన్ని బ్లాక్ ఫ్రైడే అంటారు. మానిటర్లు మూటగట్టుకుని కెనడాకి, మెక్సికోకి, కోస్టారికాకి కాపురాలు మార్చినవాళ్లు చాలామంది. ఫుల్ టిల్ట్ సైటులో ఇరుక్కున్న డబ్బు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు ఇంకొందరు.

తర్వాత ఒక్కో రాష్ట్రం విడివిడిగా తలుపు తీసింది. న్యూజెర్సీ 2013 నవంబరులో అనుమతించింది. తెలుగువాళ్లు దండిగా ఉండే ఎడిసన్‌లో ఇరవై ఒక్కేళ్లు నిండిన ఎవరైనా ఆదివారం సాయంత్రం చట్టబద్ధంగా కూర్చుని ఆడుకోవచ్చు. కానీ సొంత రాష్ట్రంవాళ్లు మాత్రమే ఆడే టోర్నీలకు వేలమంది ఎక్కడ దొరుకుతారు? పన్నెండు టేబుళ్లు నింపేటన్ని మంచి టోర్నీలే ఒక్కపూటలో ఉండవు. అందుకని రాష్ట్రాలు ఒప్పందాలు చేసుకుని ఆటగాళ్లను కలుపుకుంటున్నాయి. నెవాడా, డెలావేర్, న్యూజెర్సీ, మిషిగన్ కలిశాయి, 2025లో పెన్సిల్వేనియా చేరింది. న్యూయార్క్ ఇంకా బయటే ఉంది. ఎడిసన్‌లో లాప్‌టాప్ తెరిచి ఆరు టేబుళ్లు నడుపుతున్నవాడు, అదే లాప్‌టాప్ పట్టుకుని హడ్సన్ నది దాటి మన్‌హటన్‌లో కూర్చుంటే సైటు ముందు అతను ఎక్కడున్నాడో చూస్తుంది, ఆ తర్వాత ఒక్క టేబుల్ కూడా తెరవనివ్వదు.